ఫ్యానీ లెక్క, ఆడపడుచు వేలిముద్ర

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యా పేజీలో డిగ్రీ పిల్లల కోసం ఒప్పించే కళ గురించి వేసిన పాఠం చదివాను. అరిస్టాటిల్ చెప్పిన మూడు దారులు, అంటే మాట్లాడేవాడి మీద నమ్మకం, వినేవాడి గుండె, తర్కం. వీటిని ఈథోస్, పేథోస్, లోగోస్ అని మూడు పెట్టెల్లో సర్ది, ఒక్కో పెట్టె కింద ఒక్కో నాయకుడి ఉపన్యాసంలోంచి రెండేసి వాక్యాలు ఇచ్చారు. పరీక్షకు సరిపోతుంది. ప్రశ్న వస్తే మా మనవరాలు కళ్లు మూసుకుని రాసేస్తుంది. నా పేచీ అల్లా ఆ ఉదాహరణలతోనే. అన్నీ మైకు ముందు మాటలే. మైకు ముందు చప్పట్లు పడతాయి, ఓట్లు పడతాయి. కానీ భూములు, నగలు, ఇళ్లు చేతులు మారే మాటలు భోజనాలయ్యాక, పిల్లలు పడుకున్నాక, గొంతు తగ్గించి మాట్లాడుకునేవి. ఆ మాటల మీద మీ పాఠంలో ఒక్క ముక్క లేదు.

నేను విజయనగరంలో రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. కంప్యూటర్లు రాకముందు చేత్తో, వచ్చాక ఒక కుర్రాడి చేత టైపు చేయించి. అమ్మకం, తనఖా, దానం, పంపకం, వీలునామా, హక్కు విడుదల, ఏదైనా సరే. చదువు మాత్రం మహారాజా కాలేజీలో, ఇంగ్లీషు సాహిత్యం. ఆ బి.ఏ. నాకు అన్నం పెట్టలేదు. కాకపోతే అప్పుడు చదివిన ఒక నవల మటుకు నా వృత్తిలో అక్కరకొచ్చినంతగా స్టాంపు చట్టం కూడా అక్కరకు రాలేదంటే నమ్మండి. జేన్ ఆస్టెన్ రాసిన ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’. నవలంతా కూడా కాదు, అందులో రెండో అధ్యాయం. నాలుగైదు పేజీల సంభాషణ. మీ మూడు పెట్టెలూ అందులో ఉన్నాయి. మొగుడూ పెళ్లామూ తప్ప వినేవాడు లేడు.

కథ తెలియని పాఠకులకు నాలుగు ముక్కలు. ఇంగ్లండులో ససెక్స్ ప్రాంతంలో నార్లాండ్ అని ఒక ఎస్టేటు. దానికి యజమాని ఒక ముసలాయన. ఆయన్ను కనిపెట్టుకుని ఉన్నది హెన్రీ డాష్‌వుడ్, ఆయన భార్య, వాళ్ల ముగ్గురు ఆడపిల్లలు. హెన్రీకి మొదటి భార్య కొడుకు జాన్ ఉన్నాడు. వాడికి వాడి తల్లి ఆస్తి ఉంది, పెళ్లాం తెచ్చిన ఆస్తి ఉంది. ముసలాయన పోయాక వీలునామా తెరిచి చూస్తే, హెన్రీకి బతికున్నన్నాళ్లు అనుభవించే హక్కే. ఆ తర్వాత అంతా జాన్‌కీ, జాన్ కొడుకైన నాలుగేళ్ల పిల్లాడికీ. ఎందుకంటే ఆ పిల్లాడు ఎప్పుడో ఒకసారి వచ్చి, ముద్దుముద్దుగా మాట్లాడి, అల్లరి చేసి, తాతగారి మనసు దోచుకున్నాడు. ఏళ్ల తరబడి సేవ చేసిన ఆడపిల్లలకు తలా వెయ్యి పౌండ్లు. చూశారా, ఒప్పించడంలో మొదటి బహుమతి మాటలు కూడా సరిగా రాని పిల్లాడికి వెళ్లింది. ఆస్టెన్ ఈ దెబ్బ మొదటి అధ్యాయంలోనే కొట్టేసి, ఏమీ ఎరగనట్టు ముందుకు పోతుంది.

ఏడాది తిరిగేసరికి హెన్రీకి పోయేకాలం వచ్చింది. జాన్‌ను పిలిచి, మీ పిన్నినీ చెల్లెళ్లనీ చూసుకో నాయనా అన్నాడు. జాన్ మాటిచ్చాడు. ఇచ్చాక తనలో తనే, తలా వెయ్యి చొప్పున మూడు వేల పౌండ్లు ఇచ్చేద్దాం అనుకున్నాడు. మా వృత్తి భాషలో ఇది ఒట్టి నోటిమాట. కాగితం లేదు, స్టాంపు లేదు, సాక్షి సంతకం లేదు. చట్టం వాణ్ణి ఏమీ చేయలేదు. ఉన్నదల్లా మనస్సాక్షి. ఫ్యానీ, అంటే జాన్ భార్య, పని పట్టవలసింది దానితోనే.

ఇప్పుడు రెండో అధ్యాయం. ఫ్యానీ ఎక్కడా ‘మాట తప్పు’ అనదు. అంటే జాన్ బిగుసుకుపోతాడు, వాడు పరువుగలవాడు. మూడు వేలు తీసేస్తే మన బాబు బికారి అయిపోడా అంటుంది. ఒక్కగానొక్క బిడ్డ నోటి కాడ కూడు ఎలా లాగుతావు అంటుంది. వాళ్లు నీకు సగం రక్తం చెల్లెళ్లు, అది చుట్టరికమే కాదు పొమ్మంటుంది. మావయ్యగారు పాపం ఆఖరి ఘడియల్లో ఏం మాట్లాడారో ఆయనకే తెలిసి ఉండదంటుంది. ఇదంతా గుండె మీద కొట్టే దెబ్బ. పాఠంలోని పేథోస్. అయితే ఒక సంగతి చూడండి. దయ పుట్టించడానికి ఆమె వాడుకున్నది ఎస్టేటు వారసుణ్ణి. ఆ పిల్లాడికి లోటంటూ ఏదీ లేదు. నిజంగా ఇల్లు పోగొట్టుకున్న ఆడపిల్లలు పక్క గదుల్లోనే ఉన్నారు. జాలి ఎవరి మీద పడాలో ఆ చోటి నుంచి ఎత్తి, ఇంకో చోట పెట్టేసింది.

ఇక ఈథోస్. వక్త తన మీద నమ్మకం కలిగించుకోవడం అని మీ పాఠంలో రాశారు. ఫ్యానీ తన గురించి ఒక్క మంచి మాట చెప్పుకోదు. మొగుణ్ణి పొగుడుతుంది. సొంత చెల్లెళ్లకైనా ఈ లోకంలో ఏ అన్న ఇందులో సగం చేస్తాడు, నీది ఎంత పెద్ద మనసు అంటుంది. అప్పటికి జాన్ పైసా ఇవ్వలేదు. ఇవ్వకముందే దాత అన్న బిరుదు వచ్చేసింది. బిరుదు చేతికొచ్చాక డబ్బెందుకు ఇవ్వాలి? వినేవాడికే పరువు అంటగట్టి, దాన్ని వాడి చేత కాపాడించుకోవడం అన్న ఎత్తు మీ మూడు పెట్టెల్లో దేనిలో పడుతుందో మాస్టార్లు చెప్పాలి. నా అనుభవంలో అన్నిటికంటే బాగా పనిచేసేది ఇదే.

లెక్క దగ్గర నేను ఎప్పుడు చదివినా ఆగిపోతాను, వృత్తి రోగం. తల్లికి ఏడు వేలు, పిల్లలకు తలా వెయ్యి, మొత్తం పది వేల పౌండ్లు. దాని మీద ఏడాదికి ఐదు వందలు వస్తుంది. నలుగురు ఆడవాళ్లకు అంతకంటే ఏం కావాలి, బండి లేదు, గుర్రాల్లేవు, నౌకర్లు పెద్దగా ఉండరు, వచ్చేపోయేవాళ్లుండరు, ఖర్చేముంది, అసలు వాళ్లే నీకు ఎదురిచ్చే స్థితిలో ఉంటారు అంటుంది ఫ్యానీ. కూడికలో తప్పులేదు. నూటికి ఐదు చొప్పున వేసి చూసుకోండి, పైసాతో సహా సరిపోతుంది. తప్పు ఎక్కడుందంటే, రెండో కాలమ్ ఆమె రాయలేదు. తండ్రి పోవడంతో జాన్‌కి కొత్తగా కలిసే రాబడి ఏడాదికి నాలుగు వేల పౌండ్లు. అంటే ఇవ్వాలనుకున్న మూడు వేలు, ఒక్కసారికే ఇచ్చేది, వాడి కొత్త రాబడిలో ఏడాది పైకం కూడా కాదు. ఈ సంగతి ఆ సంభాషణలో ఒక్కసారి కూడా రాదు. అబద్ధపు లెక్క చెప్పినవాణ్ణి పట్టుకోవచ్చు. సగం పేజీ ఖాళీగా వదిలి నిజం లెక్క చెప్పినవాణ్ణి పట్టుకోవడం మహా కష్టం.

ఇంకో ముచ్చట. మూడు వేలు వద్దనుకున్నాక, పిన్నికి బతికున్నన్నాళ్లు ఏటా వంద ఇద్దామా అంటాడు జాన్. ఫ్యానీ కాస్త తటపటాయిస్తుంది. ఏటా ముట్టేది రాసిచ్చామంటే మనుషులు చావనే చావరంటుంది. అత్తగారు గట్టి మనిషి, నలభై కూడా నిండలేదు, పదిహేనేళ్లు బతికిందంటే మన పని అయిపోయినట్టే అంటుంది. రుజువు కూడా తెస్తుంది. వాళ్ల నాన్న వీలునామా ప్రకారం ముగ్గురు ముసలి నౌకర్లకు వాళ్లమ్మ ఏటా రెండు విడతలు డబ్బు పంపవలసి వచ్చిందట. అందులో ఒకడు పోయాడని కబురొచ్చి, తీరా చూస్తే పోలేదట! ఆ మనిషి బతికుండటం ఫ్యానీ గొంతులో ఒక నేరంలాగా వినిపిస్తుంది. మా ఇంగ్లీషు మాస్టారు ఈ వాక్యాన్ని క్లాసులో నవ్వకుండా చదవాలని చూసి ఏనాడూ చదవలేకపోయారు.

ఈ అధ్యాయం మీద మగవాళ్లకు ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది. ‘పాపం జాన్ మంచివాడే, పెళ్లామే చెడగొట్టింది, ఆడదానికి ఆడదే శత్రువు.’ చెట్టు కింద ఇదే మాట కోడళ్ల మీద రోజూ వింటాను. పుస్తకం తెరిచి చూడమంటాను. మూడు వేలను సగానికి తెచ్చింది ఎవరు? జాన్. సగం మానేసి ఏటా వంద అన్నది ఎవరు? జాన్. వంద కూడా మానేసి, అప్పుడప్పుడూ ఒక యాభై పౌండ్ల కానుక చాలన్నది? మళ్లీ జాన్. ఇంత ఇద్దామన్న అంకె ఫ్యానీ నోట రాదు, తలుపు వేయడం ఒక్కటే ఆమె పని. కిందికి దిగే మెట్టు ప్రతిసారీ వాడే వెతుక్కున్నాడు. అన్నీ అయ్యాక, మావయ్యగారి ఉద్దేశం అసలు డబ్బే కాదు, ఒక చిన్న ఇల్లు చూసిపెట్టడం, సామాను సర్దడంలో సాయం, చేపలూ వేటమాంసమూ వచ్చే రోజుల్లో ఇంత పంపడం, అంతే అని ఆమె తేల్చింది. వాడి గుండె తేలికపడింది. ఆపైన అసలు మెరుపు. అత్తగారు తీసుకెళ్లబోయే పింగాణీ సెట్టు మన ఇంట్లో దానికంటే రెండింతలు బాగుంటుందని, మావయ్యగారు ఎప్పుడూ వాళ్ల గురించే ఆలోచించారని ఆమె వాపోతుంది. చివరికి అన్యాయం జరిగింది జాన్‌కే అని తేలింది!

తర్వాత ఎప్పుడో లండన్‌లో జాన్ తన చెల్లెలు ఎలినార్‌తో ఖర్చుల గురించి మొరపెట్టుకుంటాడు. పక్కన ఒక పొలం కొన్నాడట, ఊరి ఉమ్మడి బీడుకు కంచె వేయిస్తున్నాడట, ఫ్యానీ పూలమొక్కల గాజుగది కోసం పాత అక్రోటు చెట్లన్నీ కొట్టించాడట. ఎవరి ముందు చెబుతున్నానన్న ఆలోచన లేదు. నిజంగానే తాను ఇబ్బందుల్లో ఉన్నాననుకుంటున్నాడు. రెండో అధ్యాయంలో వేసిన మందు అంతకాలం పనిచేసింది.

ఇక మా చెట్టు కిందికి వద్దాం. 1986లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కిచ్చింది. 2005లో కేంద్రం దేశమంతటికీ ఇచ్చింది, పెళ్లి షరతు లేకుండా. ఆ సవరణ అమలైన తేదీకి తండ్రి బతికుండాలా అన్న తగాదాను 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అక్కర్లేదు, అది పుట్టుకతో వచ్చే హక్కని. కాబట్టి నార్లాండ్ ఆడపిల్లలకు లేనిది మన ఆడపిల్లలకు ఉంది. చట్టం మారింది కదా, ఫ్యానీ మాట పని అయిపోయిందనుకుంటాం. అవలేదు, మొహం అటు నుంచి ఇటు తిప్పుకుంది. అక్కడ ఇవ్వవలసినవాణ్ణి ఇవ్వకుండా ఒప్పించాలి. ఇక్కడ తీసుకోవలసిన మనిషిని తీసుకోకుండా ఒప్పించాలి. పైగా నోటిమాట చాలదు. భూమి మీద హక్కు వదులుకోవాలంటే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం కాగితం రాసి రిజిస్టరు చేయాలి. అందుకే వాళ్లు నా దగ్గరికి వస్తారు.

ఎప్పుడొస్తారంటే, పండగలయ్యాక. పైడితల్లమ్మ సిరిమాను జాతరకు ఊరంతా ఆడపడుచులను పిలుచుకుంటుంది. ఆ అమ్మవారిని మేం పూసపాటి రాజుల ఇంటి ఆడపడుచుగానే కొలుస్తాం. మొక్కులు, చుట్టాలు, కోళ్లు, చీరలు. ఆ రెండు మూడు రోజుల్లో ఇంట్లో మాట నడుస్తుంది. ఆ వారంలోనే, తిరుగు ప్రయాణం లోపల, హక్కు విడుదల కాగితం.

ఒకామె గుర్తుంది, మెంటాడ వైపు నుంచి వచ్చింది. వదిన ఆమె సంచి తనే పట్టుకుంది. టిఫిను పెట్టించుకుని తీసుకొచ్చారు, ఆమె ఒళ్లో కొట్టు కవరు తీయని కొత్త చీర. అన్నగారు స్టాంపు పేపర్ల కోసం అటూ ఇటూ తిరుగుతున్నాడు. వదిన నాతో మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ ఆమెకు వినిపిస్తోంది. ‘ఆలన్నయ్య ఏనాడైనా సెల్లికి లోటు సేసినాడేటండీ? పెల్లికి అప్పు సేసి మరీ ఎట్టినాడు. ఆ అప్పు తీరేతలికి మా పెద్దోడు పదోతరగతికొచ్చీసినాడు.’ చూడండి, ఒక్క ఊపిరిలో అన్నగారి మంచిపేరు, పెళ్లి ఖర్చు లెక్క, మేనల్లుడి చదువు, మూడూ వచ్చేశాయి. అరిస్టాటిల్ పేరు ఆమె వినలేదు.

నేను ఆడపడుచును అడిగాను. ‘నీ వాటాకి ఎంతొస్తాదమ్మా?’ ఆమె వదిన మొహం చూసింది. చెరువు కింద మడి ఎంతో, గరువు ఎంతో, తన పేరున ఎన్ని సెంట్లు వదులుకుంటోందో ఆమెకు తెలియదు. ‘నాకేటొద్దు బాబూ, పుట్టింటి గుమ్మం నాకుంటే సాలు’ అంది. సర్వే నంబర్లు, సెంట్లు, ఆ ఊళ్లో మార్కెట్టు విలువ చదివి వినిపించాను. విలువ అంకె దగ్గర వదిన దగ్గింది. ఆడపడుచు ఇంకోసారి చదవమంది, చదివాను. వేలిముద్ర వేసింది. లోపల రిజిస్ట్రారు అడగవలసిందే అడిగారు, రాసిచ్చింది నువ్వేనా, ఒప్పుకుంటున్నావా అని. ఒప్పుకుంది. నేను రాసిన కాగితంలో ఏముందంటే, ‘నా సోదరునియందు గల ప్రేమాభిమానముల చేత, ఎవరి బలవంతము గాని ప్రోద్బలము గాని లేకుండా, నా పూర్ణ మనస్సుతో’ అని. ఆ వాక్యం నాకు నిద్రలో కూడా వస్తుంది. అబద్ధమని కోర్టులో ఎవరూ నిరూపించలేరు. బలవంతం నిజంగానే లేదు. ఉన్నదల్లా ఆ గుమ్మం మాట.

ఇందులో అన్నలందరూ దుర్మార్గులని నేననడం లేదు. అప్పు చేసి పెళ్లి చేసిన అన్నలున్నారు. వద్దన్నా వినకుండా చెల్లెలి పేరున పసుపు కుంకాల కింద అరెకరం రాసిచ్చిన అన్నల కాగితాలు కూడా ఈ చేత్తోనే రాశాను. అంతా తెలిసి, లెక్క చూసుకుని, ఉండనీ అని వదిలేసిన అక్కచెల్లెళ్లూ ఉన్నారు. వాళ్ల ఇష్టం. నా మాటల్లా ఒకటే. ఫ్యానీ గెలిచింది మూడు దారుల వల్ల మాత్రమే కాదు, నష్టపోయే మనిషి ఆ గదిలో లేకపోవడం వల్ల. పక్క గదిలో ఉన్న ఎలినార్ ఒక్కసారి తలుపు తోసుకుని వచ్చి కూర్చుంటే, ‘వాళ్లకు ఖర్చేముంది’ అన్న వాక్యం ఫ్యానీ నోట వచ్చేది కాదు. మీ పాఠంలో మాట్లాడేవాడున్నాడు, వినేవాడున్నాడు, మాట ఉంది. ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషికి చోటు లేదు. అరిస్టాటిల్‌ను తప్పుపట్టే అంతవాణ్ణి కాను. ఆయన సభల గురించీ కోర్టుల గురించీ రాశాడు. కోర్టులో కనీసం ఎదుటి పక్షం ఉంటుంది.

ఆస్టెన్‌కు ఇదంతా పుస్తకాల్లో చదివి తెలిసింది కాదు. 1805లో తండ్రి పోయాక ఆమె, తల్లి, అక్క కాసాండ్రా, ముగ్గురూ అన్నదమ్ములు ఏటా తలా ఇంత వేసుకుని పంపే డబ్బు మీద బతికారు. జాన్‌లాంటివాళ్లు కారు వాళ్లు, పంపారు. 1809లో ఎడ్వర్డ్ అనే అన్న చాటన్ అనే ఊళ్లో ఇల్లిచ్చాడు. ఆ ఇంట్లో ఉండగానే 1811లో ఈ నవల అచ్చయింది. రచయిత్రి పేరు లేదు, ‘ఒక స్త్రీ రాసినది’ అని మాత్రం ఉంది. అచ్చు ఖర్చుల పూచీ ఆమెదే. రెండేళ్లలో ప్రతులన్నీ అమ్ముడుపోయి 140 పౌండ్లు మిగిలిందని ఇంకో అన్నకు రాసుకుంది. జాన్ ఇస్తానన్న మూడు వేలతో పోలిస్తే ఎంత? కానీ ఎవరినీ అడగకుండా వచ్చింది. ఆ జాబులో ఆమె సంతోషం అందుకే అంత స్పష్టంగా ఉందనుకుంటాను.

విజయనగరం వాడు కదా, గిరీశాన్ని ఎందుకు తేలేదని మీ పాఠకులు అడుగుతారు. గిరీశం మాటలకు పక్కనున్నవాళ్లు నవ్వుతారు, మోసం తెలిసిపోతూనే ఉంటుంది. ఫ్యానీ మాటకు నవ్వేది పాఠకుడొక్కడే. అందుకని ఆవిడనే తెచ్చాను.

కోరేది పెద్దదేమీ కాదు. విద్యా పేజీ వచ్చే పాఠంలో ఈ రెండో అధ్యాయాన్ని తెలుగు చేసి వేయండి. పుస్తకం అచ్చయి రెండు వందల ఏళ్లు దాటింది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈథోస్ ఎక్కడుంది, పేథోస్ ఎక్కడుందని గీతలు గీయించడం పిల్లలకు వచ్చు. దానితో పాటు ఒక అభ్యాసం ఇవ్వండి. ఎలినార్ ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు ఊహించి, అదే సంభాషణ మళ్లీ రాయమనండి. మార్కులు మీ ఇష్టం. బాగా రాసినవి ఒకటి రెండు అచ్చు వేస్తే, జిరాక్సు తీయించి మా ఆఫీసు ముందు చెట్టుకు నేనే అంటిస్తాను.

నా పేరు మాత్రం వేయకండి. మెంటాడ వైపు నాకు ఇంకా కాగితాలు రాయించుకునే పార్టీలున్నారు.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి,
విజయనగరం